బిషప్ లేని సంఘంలో ఆఖరి మాట ఎవరిది? ప్రెస్బిటేరియన్ చర్చి పాలన, దాని చరిత్ర

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఎన్నికల గొడవో, ఆస్తుల గొడవో వార్తల్లోకి వచ్చినప్పుడల్లా కొన్ని మాటలు చెవిన పడతాయి: సినడ్, మోడరేటర్, ప్రెస్బిటర్. బిషప్ అంటే ఎవరో చాలామందికి తెలుసు. మరి బిషప్పులందరి పైనా ఉండే ఆయన్ని ఆర్చిబిషప్ అనకుండా మోడరేటర్ అని ఎందుకు అంటారు? పాస్టర్ గారిని కాగితాల మీద ప్రెస్బిటర్ అని ఎందుకు రాస్తారు?

ఈ మాటల వెనక స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఒక పాలనా పద్ధతి ఉంది. బిషప్ అనే పదవే వద్దని రాజులతో నూట ముప్పై ఏళ్లు పోరాడిన చర్చి అది. దాని అధ్యక్షుడి పేరు చివరికి మన దగ్గర బిషప్పుల పెద్దకు బిరుదు కావడం చరిత్ర చేసిన చిన్న చమత్కారం. ఆ చర్చి పేరు ప్రెస్బిటేరియన్.

చర్చిని నడిపే మూడు పద్ధతులు

క్రైస్తవ సంఘాలను నమ్మకాలను బట్టి విడదీసి చూడటం మనకు అలవాటు. ఎవరు పరిపాలిస్తారు అన్నదాన్ని బట్టి చూస్తే స్థూలంగా మూడు రకాలే కనిపిస్తాయి.

మొదటిది బిషప్పుల పాలన. రోమన్ కాథలిక్, ఆంగ్లికన్ చర్చిలది ఈ దారి. పాస్టర్‌కు అభిషేకం చేసేది, ఏ ఊరికి వెళ్లాలో చెప్పేది బిషప్. రెండోది ఇందుకు పూర్తిగా ఎదురు. ఏ ఊరి సంఘం ఆ ఊరిదే, పైన ఎవరి పెత్తనమూ ఉండదు. పాస్టర్‌ను పిలుచుకునేదీ, వద్దనుకుంటే పంపేసేదీ సంఘ సభ్యులే. బాప్టిస్టులది, విశాఖపట్నానికి 1805లో వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వెనక ఉన్న కాంగ్రిగేషనల్ వారిది ఈ పద్ధతి.

మూడోది ప్రెస్బిటేరియన్. ఇక్కడ బిషప్ ఉండడు, అలాగని ఏ సంఘమూ ఒంటరిగా ఉండదు. సభ్యుల్లోంచి వచ్చిన పెద్దలు, పాస్టర్లు కలిసి కూర్చునే సభలు ఒకదానిపై ఒకటి మెట్లు మెట్లుగా ఉంటాయి. అధికారం మనిషిది కాదు, సభది. తెలుగు బైబిల్లో ‘పెద్దలు’ అని చదివే చోట గ్రీకులో ఉన్న మాట ప్రెస్బిటరోస్. పేరు అక్కడి నుంచే వచ్చింది.

దీనికి వాళ్లు చూపే లేఖనాధారాలు మూడు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో సున్నతి వివాదాన్ని యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు సభగా కూర్చుని తేల్చారు. మొదటి తిమోతి 5:17లో పాలన చేసే పెద్దలు, వారిలో బోధించే పెద్దలు అని రెండు రకాలు కనిపిస్తాయి. తీతు పత్రిక మొదటి అధ్యాయంలో ‘పెద్దలు’, ‘అధ్యక్షుడు’ అన్న రెండు మాటలూ ఒకే పదవికి వాడినట్టున్నాయి. కాబట్టి పెద్దలపైన అధ్యక్షుడు, అంటే బిషప్, అనే వేరే మెట్టు తర్వాత కట్టిందేనని వీరి వాదన. ఎదుటి పక్షం ఆ పత్రికనే చూపిస్తుంది: క్రేతు దీవిలో ఊరూరా పెద్దలను నియమించే పని పౌలు తీతు ఒక్కడికే అప్పగించాడు కదా, బిషప్ చేసే పని అదే కదా అని. ఈ వాదన నాలుగున్నర శతాబ్దాలుగా నడుస్తూనే ఉంది.

సెషన్ నుంచి జనరల్ అసెంబ్లీ దాకా

అన్నిటికన్నా కింద సెషన్ ఉంటుంది. ఒక సంఘంలోని పెద్దలు, పాస్టర్ కలిస్తే సెషన్. సభ్యత్వం, ఆరాధన, క్రమశిక్షణ దీని చేతిలో ఉంటాయి. పాస్టరే అధ్యక్షత వహిస్తారు, కానీ తీర్మానం అందరిదీ. పెద్దలకు కూడా అభిషేకం జరుగుతుంది, అది జీవితాంతం ఉంటుంది. అమెరికాలోని అతి పెద్ద ప్రెస్బిటేరియన్ చర్చి మాత్రం సెషన్‌లో కూర్చునే కాలానికి హద్దు పెట్టింది. వరసగా ఆరేళ్లకు మించి ఎవరూ ఉండకూడదు.

దానిపైన ప్రెస్బిటరీ. అసలు గుండెకాయ ఇదే. ఒక ప్రాంతంలోని పాస్టర్లు, దాదాపు అంతే సంఖ్యలో సంఘ పెద్దలు ఇందులో సభ్యులు. కొత్త పాస్టర్లను పరీక్షించడం, అభిషేకించడం, సంఘంలో నియమించడం, తప్పు చేస్తే విచారించడం, రెండు సంఘాలను కలపడం అంతా ప్రెస్బిటరీ పనే. వేరే చోట బిషప్ చేసే పనిని ఇక్కడ ఒక గది నిండా జనం కూర్చుని చేస్తారు. అమెరికాలో పాస్టర్ సభ్యత్వం తను పనిచేసే సంఘంలో ఉండదు, ప్రెస్బిటరీలో ఉంటుంది. అందుకే ఊళ్లో వాళ్లకు నచ్చలేదని రేపటికల్లా పంపించేయలేరు, బాగా నచ్చాడని పై వాళ్లకు చెప్పకుండా ఉంచుకోనూ లేరు.

ఆపైన కొన్ని ప్రెస్బిటరీలను కలిపే సినడ్. ఇది అన్నిచోట్లా లేదు. చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ 1990ల మొదట్లో ఈ మెట్టు తీసేసింది.

అన్నిటికన్నా పైన జనరల్ అసెంబ్లీ. స్కాట్లాండ్‌లో ఏటా మే నెలలో ఎడిన్‌బరోలో జరుగుతుంది. దానికి అధ్యక్షత వహించే మోడరేటర్ పదవి అక్కడ ఒక్క ఏడాదే. ఏడాది కాగానే మామూలు మనిషి. రాజు ప్రతినిధి ఆ సభకు వస్తారు, మొదట్లోనూ చివర్లోనూ ప్రసంగిస్తారు. కానీ కూర్చునేది సభ్యుల మధ్య కాదు, గ్యాలరీలో. ఓటు లేదు. ఇంగ్లండ్ చర్చికి రాజే పరిపాలకుడు, స్కాట్లాండ్ చర్చిలో ఆయన మామూలు సభ్యుడు.

అసెంబ్లీ కూడా ఇష్టమొచ్చినట్టు చట్టాలు మార్చలేదు. 1697 నాటి బారియర్ యాక్ట్ ప్రకారం ముఖ్యమైన మార్పు ఏదైనా ముందు ప్రెస్బిటరీలకు పంపాలి, వాటిలో మెజారిటీ ఒప్పుకోవాలి. మన రాజ్యాంగంలో కొన్ని సవరణలకు పార్లమెంటుతో పాటు సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలన్న నియమం ఉంది కదా, ఇదీ ఆ బాపతే.

ఒక ఖాళీ ఎలా నిండుతుంది

ఉదాహరణకు స్కాట్లాండ్‌లో రెండు వందల మంది ఉన్న ఒక సంఘంలో పాస్టర్ రిటైర్ అయ్యారనుకుందాం. ఆ చోటు నింపాలా, పక్క సంఘంతో కలపాలా అన్నది ముందు ప్రెస్బిటరీ చూస్తుంది. నింపమంటే, అప్పటిదాకా సెషన్‌ను నడపడానికి బయటి నుంచి ఒక తాత్కాలిక మోడరేటర్‌ను పంపుతుంది. సంఘం తనలోంచి ఒక కమిటీని ఎన్నుకుంటుంది. కమిటీ చాలామందిని చూడొచ్చు, వాక్యం వినొచ్చు. సంఘం ముందుకు తెచ్చేది మాత్రం ఒక్క పేరే. ఆయనో ఆవిడో ఒక ఆదివారం వచ్చి ప్రసంగిస్తారు, తర్వాత రహస్య ఓటింగ్. మెజారిటీ వస్తే సభ్యులు ‘కాల్’ అనే పిలుపు పత్రం మీద సంతకాలు చేస్తారు. ఆ పత్రం ప్రెస్బిటరీకి వెళ్తుంది. అది సరేనంటేనే నియామకం.

అంటే సంఘం, అభ్యర్థి, ప్రెస్బిటరీ ముగ్గురూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా పని ఆగుతుంది.

క్రమశిక్షణ విషయం కూడా మెట్ల మీదే నడుస్తుంది. సెషన్ ఒక సభ్యుణ్ణి సస్పెండ్ చేస్తే అతను ప్రెస్బిటరీకి అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా తేలకపోతే ఇంకా పైకి. ఈ సభలను స్కాట్లాండ్‌లో ‘కోర్టులు’ అనే పిలుస్తారు.

రాజులకు ఎందుకు నచ్చలేదు

ఇదంతా జెనీవాలో మొదలైంది. ఫ్రాన్స్ నుంచి వెళ్లిన జాన్ కాల్విన్ 1541లో ఆ నగర చర్చికి నియమావళి రాశాడు. పాస్టర్లు, బోధకులు, పెద్దలు, పేదలను చూసుకునే డీకన్లు అని నాలుగు పదవులు పెట్టాడు. ప్రజల నడవడిని చూడటానికి పాస్టర్లు, పెద్దలు కలిసి వారం వారం కూర్చునేవారు. ఆ సభ కఠినత్వం మీద విమర్శలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

కాథలిక్ రాణి మేరీ ట్యూడర్ రోజుల్లో ఇంగ్లండ్ వదిలి పారిపోయి జెనీవాలో తలదాచుకున్న స్కాట్లాండ్ బోధకుడు జాన్ నాక్స్ ఇదంతా కళ్లారా చూశాడు. 1559లో స్వదేశం చేరాడు. మరుసటి ఏడాదే స్కాట్లాండ్ పార్లమెంటు పోపు అధికారాన్ని తోసిపుచ్చి కొత్త విశ్వాస ప్రమాణాన్ని ఒప్పుకుంది. అందుకే నాక్స్‌ను ప్రెస్బిటేరియన్ చర్చి స్థాపకుడు అంటుంటారు. నిజానికి ఆయన కాలంలో ప్రాంతాలను చూసే సూపరింటెండెంట్లు ఉండేవారు, అప్పటికి ప్రెస్బిటరీలే లేవు. ఈ వ్యవస్థకు ఇప్పటి రూపం ఇచ్చిన ఘనత నాక్స్ తర్వాత వచ్చిన పండితుడు ఆండ్రూ మెల్విల్‌కే ఎక్కువ దక్కాలి. 1578 నాటి రెండో క్రమశిక్షణ గ్రంథం బిషప్పుల్ని పక్కనపెట్టి సభల పాలనను స్పష్టం చేసింది. 1592లో పార్లమెంటు ఒప్పుకుంది.

1596లో ఫాక్‌లాండ్ రాజభవనంలో మెల్విల్ ఆరో జేమ్స్ రాజు అంగీ చెయ్యి పట్టుకుని, స్కాట్లాండ్‌లో ఇద్దరు రాజులున్నారని, రెండో రాజు క్రీస్తని, ఆయన రాజ్యంలో జేమ్స్ రాజూ కాదు, అధిపతీ కాదు, ఒక సభ్యుడు మాత్రమేనని మొహం మీదే చెప్పాడు. రాజు మరచిపోలేదు. ఇంగ్లండ్ సింహాసనం కూడా దక్కాక 1604లో హాంప్టన్ కోర్టు సమావేశంలో ‘బిషప్ లేకపోతే రాజూ లేడు’ అన్నాడు. ఆయన లెక్క తేలికే. బిషప్పును రాజు నియమించవచ్చు, బెదిరించవచ్చు, మార్చవచ్చు. ఎన్నికై వచ్చే వందల మంది సభను ఏం చేస్తాడు?

జేమ్స్ కొంత నెమ్మదిగా బిషప్పుల్ని తిరిగి తెచ్చాడు. కొడుకు ఛార్లెస్‌కు ఆ ఓపిక లేదు. 1637లో ఇంగ్లండ్ తరహా ప్రార్థన పుస్తకాన్ని స్కాట్లాండ్ మీద రుద్దాడు. ఎడిన్‌బరో సెయింట్ జైల్స్ చర్చిలో మొదటిసారి చదివిన రోజే అల్లరి చెలరేగింది. మరుసటి ఏడాది గ్రేఫ్రయర్స్ చర్చిలో ఈ మార్పుల్ని ఒప్పుకోమనే జాతీయ నిబంధన పత్రం మీద సంతకాలు మొదలయ్యాయి, ఆ ఏడాది చివర్లో గ్లాస్గో అసెంబ్లీ బిషప్పుల్ని తీసేసింది. అక్కడ రాజుకున్న యుద్ధమే ఇంగ్లండ్ అంతర్యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఒకటి. ఆ గందరగోళం మధ్యే, 1643లో లండన్‌లో వేదపండితుల వెస్ట్‌మిన్‌స్టర్ సభ మొదలైంది. అది 1646లో ముగించిన విశ్వాస ప్రమాణం ఈ రోజుకీ ప్రపంచమంతా ప్రెస్బిటేరియన్ల మూల పత్రం. చిత్రమేమిటంటే అది రాసిన ఇంగ్లండ్‌లో ప్రెస్బిటేరియన్ పాలన నిలవలేదు, స్కాట్లాండ్‌లో నిలిచింది. రాజరికం 1660లో తిరిగొచ్చాక బిషప్పులూ వచ్చారు. ఒప్పుకోని వాళ్లు కొండల్లో రహస్యంగా ఆరాధించారు, చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1690లో గానీ చట్టం వాళ్ల పక్షాన నిలవలేదు.

ఇద్దరే సంతకం చేసిన పిలుపు

రాజు పోయాడు, జమీందారు వచ్చాడు. 1712లో బ్రిటిష్ పార్లమెంటు తెచ్చిన చట్టంతో సంఘానికి పాస్టర్‌ను ప్రతిపాదించే హక్కు స్థానిక భూస్వామికి, కొన్నిచోట్ల ప్రభుత్వానికి, తిరిగి వచ్చింది. సభ్యుల పిలుపు పేరుకు మిగిలింది.

1834లో అసెంబ్లీ ఒక నియమం చేసింది: కుటుంబ పెద్దల్లో మెజారిటీ వద్దంటే ఆ అభ్యర్థిని నియమించకూడదు. అదే ఏడాది ఆఖ్టరార్డర్ అనే ఊళ్లో పరీక్ష వచ్చింది. అక్కడి ప్రభువు రాబర్ట్ యంగ్ అనే ఆయన్ని ప్రతిపాదించాడు. పిలుపు పత్రం మీద ఆ ఊరి వాళ్లు ఇద్దరే సంతకం చేశారు. 330 మంది కుటుంబ పెద్దల్లో 287 మంది వద్దన్నారు. ప్రెస్బిటరీ తిరస్కరించింది. యంగ్ కోర్టుకెక్కాడు, 1838లో గెలిచాడు, 1839లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూడా గెలిచాడు. చర్చి సొంత నియమానికి చట్టంలో విలువ లేదని తేలింది.

ఇక్కడ రెండు పక్షాలకూ న్యాయం ఉంది. ప్రభుత్వ గుర్తింపు, భూమి రాబడి నుంచి జీతం తీసుకుంటూ ప్రభుత్వ చట్టం మాకు పట్టదంటే ఎలా అన్నది ఒక వాదం. పాస్టర్‌ను నియమించడం పూర్తిగా ఆత్మీయ విషయం, అందులో కోర్టుకు ఏం పని అన్నది మరొకటి. నా మటుకు నాకు ఆ 287 మంది మాట కొట్టిపారేసే తీర్పు ఏదీ నిలబడదనే అనిపిస్తుంది, కానీ జడ్జీలు చూసింది చట్టంలో రాసి ఉన్నదాన్ని.

1843 మే 18న అసెంబ్లీ మొదలవగానే పదవి దిగిపోతున్న మోడరేటర్ డేవిడ్ వెల్ష్ నిరసన పత్రం చదివి, రాణి ప్రతినిధికి తల వంచి, బయటికి నడిచాడు. వెనకే ఈ పక్షం నాయకుడు థామస్ చామర్స్, ఆ వెనక వందల మంది. పన్నెండు వందల పాస్టర్లలో 470 మందికి పైగా జీతం, ఇల్లు, చర్చి భవనం వదులుకుని ఫ్రీ చర్చి కట్టుకున్నారు. చామర్స్ ముందే ఒక నిధి ఏర్పాటు చేశాడు. ధనిక సంఘాలూ పేద సంఘాలూ వేసిన డబ్బంతా ఒకచోట చేరి పాస్టర్లందరికీ సమానంగా పంచే పద్ధతి అది.

ఆ నడక మన దాకా వచ్చింది. భారత్‌లోని స్కాటిష్ మిషనరీలు ఫ్రీ చర్చివైపే నిలిచారు. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్, మద్రాసులో జాన్ ఆండర్సన్ వారిలో వాళ్లే. ఆండర్సన్ 1837లో పెట్టిన బడి తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ అయ్యింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివింది అక్కడే.

భూస్వాముల హక్కును 1874లో రద్దు చేశారు. ఆత్మీయ విషయాల్లో చర్చికి స్వేచ్ఛ ఉందని పార్లమెంటు 1921లో ఒప్పుకుంది. విడిపోయిన పెద్ద పాయలు 1929లో మళ్లీ కలిశాయి.

భవనం ఎవరిది?

విడిపోవడం మొదలైతే వచ్చే అసలు తగాదా సిద్ధాంతం గురించి కాదు, తాళంచెవుల గురించి. దీనికి మూడు రకాల జవాబులు కోర్టుల్లో వచ్చాయి.

ఒకటి స్కాట్లాండ్‌ది. 1900లో ఫ్రీ చర్చి మరో చర్చితో కలిసింది. వెయ్యికి పైగా ఉన్న పాస్టర్లలో ముప్పై మందికి లోపే వద్దన్నారు. వాళ్లు కేసు వేస్తే 1904లో హౌస్ ఆఫ్ లార్డ్స్ మొత్తం ఆస్తి, కాలేజీలు, నిధులు ఆ చిన్న గుంపుకే ఇచ్చింది. తొలి సిద్ధాంతాల కోసం ఇచ్చిన ఆస్తి వాటిని విడవని వాళ్లదేనన్నది తీర్పు. అంత ఆస్తిని నడపడానికి వాళ్ల దగ్గర మనుషులే లేరు. పార్లమెంటు 1905లో ప్రత్యేక చట్టం చేసి పంచాల్సి వచ్చింది.

రెండోది అమెరికాది. కెంటకీలోని లూయీవిల్‌లో ఒక ప్రెస్బిటేరియన్ సంఘం బానిసత్వం విషయంలో రెండుగా చీలింది. 1871 నాటి వాట్సన్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి చర్చిలో పై సభ ఎవరిని అసలు సంఘమంటే వాళ్లే అసలు సంఘం, కోర్టు ఆ లోతుకు వెళ్లదు అంది.

మూడోదీ అమెరికాదే. జార్జియాలోని మేకన్ ఊళ్లో ఒక సంఘం 164కి 94 ఓట్లతో పెద్ద చర్చిని వదిలి, 1973లో కొత్తగా పుట్టిన చర్చిలో చేరాలనుకుంది. 1979లో సుప్రీంకోర్టు, మత సిద్ధాంతం జోలికి పోకుండా దస్తావేజులు, ట్రస్టు పత్రాలు, చర్చి నియమావళి చదివి మామూలు ఆస్తి కేసులా తేల్చవచ్చని రాష్ట్రాలకు దారి చూపింది. దాని ఫలితం వెంటనే కనిపించింది. ఉత్తర, దక్షిణ చర్చిలు అంతర్యుద్ధం నాటి చీలికను పూడ్చి 1983లో ఒకటైనప్పుడు, స్థానిక సంఘం పేరున ఉన్న ఆస్తి కూడా మొత్తం చర్చి తరఫున ట్రస్టుగా ఉంటుందని నియమావళిలో రాసుకున్నాయి. 2011 తర్వాత స్వలింగ సంబంధాల్లో ఉన్నవారి అభిషేకం, వివాహం విషయంలో నియమాలు మారాక ఎన్నో సంఘాలు బయటికి వెళ్లాయి. చాలాచోట్ల భవనం కోసం ప్రెస్బిటరీతో బేరం కుదుర్చుకునే వెళ్లాల్సి వచ్చింది.

ఇన్ని చీలికలు ఎందుకు

దక్షిణ కొరియాలో ప్రెస్బిటేరియన్ పేరుతో వందకు పైగా చర్చిలున్నాయి. జపాన్ పాలనలో షింటో గుళ్ల ముందు వంగినవాళ్లను తిరిగి ఎలా చేర్చుకోవాలన్న ప్రశ్న మీద ఒకటి, ప్రపంచ చర్చిల మండలిలో ఉండాలా వద్దా అని 1959లో మరొకటి, ఇలా చీలిపోతూ వచ్చాయి.

విమర్శకులు దీన్ని పద్ధతి లోపమంటారు. అందరినీ కలిపి ఉంచే ఒక మనిషి లేడు, ప్రతిదీ ఓటుకు వస్తుంది, ఓడినవాళ్లకు మనస్సాక్షి ఒక్కటే మిగులుతుంది. పైగా కమిటీలో అందరూ బాధ్యులైతే ఎవరూ బాధ్యులు కారు. పెద్దలుగా ఎన్నికయ్యేది కూడా తరచూ చదువు, డబ్బు ఉన్నవాళ్లే. సమర్థకులు వేరేగా చూస్తారు. ఒక్క మనిషి చెడితే మొత్తం చర్చి చెడకుండా ఆపేది ఈ సభలే. చీలికలు బయటపడటం లోపల నోరు మూయించకపోవడానికి గుర్తు. బిషప్పులున్న చర్చిలు కూడా చీలాయి కదా అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. నాకు కనిపించేది మరొకటి: పై సభ కింది సభను ఎంతదాకా శాసించవచ్చు అన్న గీత ఈ వ్యవస్థలో ఎప్పుడూ పూర్తిగా గీయలేదు. 1843, 1904, 1979 మూడూ ఆ గీత దగ్గర పుట్టిన గొడవలే.

మిజోరం నుంచి మదనపల్లె దాకా

భారత్‌లో ఈ పేరు ఇంకా గట్టిగా వినిపించేది ఈశాన్యంలో. వేల్స్ నుంచి వచ్చిన థామస్ జోన్స్ 1841లో చిరపుంజిలో పని మొదలుపెట్టాడు. షిల్లాంగ్ కేంద్రంగా ఉన్న ప్రెస్బిటేరియన్ చర్చ్ ఆఫ్ ఇండియాకు మూలం అదే. మిజోరంలో సంఘ పెద్దను ‘ఉపా’ అంటారు. ఊళ్లో ఆయన పేరు ముందు ఆ మాట లేకుండా పిలవరు.

తెలుగు నేల మీద ప్రెస్బిటేరియన్ బోర్డు అరుదు. ఇక్కడికి వచ్చినవాళ్లు వేరు: మచిలీపట్నానికి ఆంగ్లికన్లు, గుంటూరుకు లూథరన్లు, నెల్లూరుకు బాప్టిస్టులు. దగ్గరి చుట్టరికం ఒక్క మదనపల్లె వైపు కనిపిస్తుంది. అక్కడి ఆర్కాట్ మిషన్ అమెరికా రిఫార్మ్డ్ చర్చిది. కాల్విన్ బాటలోని డచ్చి పాయ అది. వాళ్ల ‘క్లాసిస్’, స్కాట్లాండ్ వారి ప్రెస్బిటరీ ఒకటే. 1908లో ఈ రిఫార్మ్డ్, ప్రెస్బిటేరియన్ సంఘాలు కాంగ్రిగేషనల్ వారితో కలిసి దక్షిణ భారత ఐక్య సంఘం అయ్యాయి.

1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ప్రభృతులు కూర్చుని ఒక పత్రం రాశారు. స్థానిక సంఘం, పెద్దల సభలు, బిషప్ అనే మూడు అంశాలూ ఒకే చర్చిలో ఉండాలన్నారు. బేరాలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ పుట్టింది. ఇందులో ప్రెస్బిటేరియన్ల వాటా డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) కౌన్సిల్‌లో, సినడ్‌లో పాస్టర్లతో పాటు మామూలు సభ్యులు కూర్చోవడంలో, సినడ్ తన బిషప్పుల్లోంచి ఎన్నుకునే అధ్యక్షుడికి మోడరేటర్ అన్న పేరులో కనిపిస్తుంది. ఆంగ్లికన్ల వాటా బిషప్ చేతి అభిషేకం. ప్రెస్బిటర్ అనే మాట ఇక్కడ పాస్టర్లకే మిగిలింది, సంఘ పెద్దలకు కాదు. స్కాట్లాండ్ చర్చి మిషనరీ లెస్లీ న్యూబిగిన్ ఆ రోజే బిషప్ అయ్యాడు.

భవనాల ప్రశ్నకు సీఎస్ఐ మొదటి రోజుల్లోనే వేరే జవాబు వెతుక్కుంది. ఆస్తుల కోసం 1947లోనే సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్‌ను కంపెనీగా రిజిస్టర్ చేయించింది. ఈ రోజు ఆస్తుల కేసుల్లో పదేపదే వినిపించే పేరు అదే.

కలయిక అందరికీ మింగుడు పడలేదు. బిషప్ చేతులు పడని పాస్టర్లను మళ్లీ అభిషేకించకుండానే చేర్చుకోవడం ఆంగ్లికన్లలో ఒక వర్గానికి నచ్చలేదు. నంద్యాల ప్రాంతంలో చాలామంది బయటే ఉండిపోయారు. వాళ్ల డయాసిస్ సీఎస్ఐలో చేరింది 1975లో.